భాష సరిచేయమని వచ్చిన వ్యాసం: ఒక ఎడిటింగ్ కేస్ స్టడీ

"విషయం పక్కాగా ఉంది మేడమ్, భాష కొంచెం సరిచేసి పెట్టండి చాలు." ఆయన మొదటి మెయిల్‌లో ఇంతకు మించి ఏమీ లేదు. దాంతోపాటు నాలుగు వ్యాసాలు పంపారు.

ఇతరుల రాతలు దిద్దే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు. దాదాపు అందరూ ఇలాగే వస్తారు. విషయం తమ దగ్గర ఉందని, భాష నా దగ్గర ఉందని, రెండూ కలిపితే వ్యాసం అవుతుందని లెక్క. ఈసారి నేనూ ఆ లెక్కే నమ్మాను. అందుకే మొదటి రెండు వారాలు వృథా అయ్యాయి. ఆ సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.

ఆయన ఫోన్లు, కంప్యూటర్లు రిపేర్ చేస్తారు. పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు బయటికి లాగడంలో మంచి చెయ్యి. తనకు తెలిసింది నలుగురికీ పనికొచ్చేలా రాయాలని మొదలుపెట్టారు. తొలి నాలుగు వ్యాసాలను తెలిసినవాళ్లు కూడా సగం చదివి వదిలేశారట. ఈ కేసు రాయడానికి ఒప్పుకున్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

నాలుగింటిలో ఫోన్‌లోని ఫోటోలు పోకుండా దాచుకోవడం గురించి రాసిన దాన్ని తీసుకున్నాం. దాని మొదటి పేరా ఇది:

"ప్రస్తుత డిజిటల్ యుగంలో ప్రతి ఒక్కరి యొక్క జీవితంలో ఫోటోలు అనేవి ఒక విడదీయరాని భాగంగా మారడం జరిగింది. మన యొక్క మధుర జ్ఞాపకాలను భద్రపరచుకోవడం అనేది ఎంతో ముఖ్యమైన అంశం అని చెప్పవచ్చు. అనేక కారణాల వలన ఫోటోలు కోల్పోబడే అవకాశం ఉంది కాబట్టి, బ్యాకప్ తీసుకోవడం మరియు దానిని సరైన పద్ధతిలో నిర్వహించడం అనేది అత్యంత అవసరం."

చదవగానే చెయ్యి దురద పెట్టింది. యొక్క, అనేది, జరిగింది, మరియు, బడు... ఎడిటర్ కంటికి ఇవన్నీ పొలంలో కలుపు మొక్కల్లా కనిపిస్తాయి. పీకెయ్యాలనిపిస్తుంది. పీకేశాను కూడా.

నేను చేసిన తప్పు

నా మొదటి దిద్దుబాటు ఇలా తయారైంది:

"ఫోటోలు ఇప్పుడు అందరి జీవితంలోనూ భాగమైపోయాయి. ఆ జ్ఞాపకాలను దాచుకోవడం ముఖ్యం. ఫోటోలు రకరకాల కారణాలతో పోవచ్చు కాబట్టి బ్యాకప్ తీసుకోవాలి, దాన్ని సరిగ్గా చూసుకోవాలి."

43 మాటలు 19 అయ్యాయి. వాక్యాలు తేలికపడ్డాయి. వ్యాసమంతా ఇదే పద్ధతిలో దిద్ది, ప్రతి మార్పూ కనిపించేలా ట్రాక్ చేంజెస్‌లో పెట్టి పంపాను. ఆయన ఎంతో సంతోషించారు. అన్నీ ఒకేసారి ఒప్పేసుకుని, పది రోజుల తర్వాత ఐదో వ్యాసం పంపారు. దాని మొదటి వాక్యం "నేటి ఆధునిక కాలంలో" అని మొదలై "జరుగుతోంది" అని ముగిసింది.

అప్పుడు నేను దిద్దిన మూడు వాక్యాలు మళ్లీ తీసి చదివాను. తప్పుల్లేవు, కానీ అందులో చదివేవాడికి తెలియనిది ఒక్క ముక్క కూడా లేదు. ఫోటోలు ముఖ్యం, పోవచ్చు, దాచుకోవాలి. ఇది చెప్పడానికి డిస్కులు విప్పే మనిషి ఎందుకు? 43 మాటల్లో ఏమీ చెప్పని పేరాని 19 మాటల్లో ఏమీ చెప్పని పేరాగా మార్చాను, అంతే. కలుపు పీకాక చూస్తే కింద పైరే లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. నేను దిద్ది ఇస్తే ఆయన ఏం నేర్చుకుంటారు? ఎర్రగీతలు నిండిన కాగితం చూస్తే, "నాకు రాయడం రాదు, ఈవిడకు వచ్చు" అనే ఒక్క పాఠమే మిగులుతుంది. వంద మార్పులు ఒకేసారి చూసిన మనిషి వాటిలో ఏది ముఖ్యమో తేల్చుకోలేడు. కామా మార్చినదీ, పేరా కొట్టేసినదీ ఒకే రంగులో కనిపిస్తాయి మరి.

ఫోన్‌లో దొరికిన వ్యాసం

దారి అనుకోకుండా దొరికింది. సింక్‌కీ బ్యాకప్‌కీ తేడా ఏమిటో ఆయన రాసిన పేరా నాకు అర్థం కాలేదు. ఫోన్ చేసి అడిగాను. ఆయన ఏమాత్రం తడుముకోకుండా చెప్పారు:

"సింక్ అంటే అద్దం మేడమ్. మీరు మీసం తీసేస్తే అద్దంలో మనిషికి మీసం ఉంటుందా? ఫోన్‌లో ఫోటో డిలీట్ కొడితే క్లౌడ్‌లో కూడా పోతుంది. చాలామంది దాన్నే బ్యాకప్ అనుకుంటారు. బ్యాకప్ అంటే మీరు మీసం తీసేసినా పాత ఫోటోలో ఉంటుంది చూడండి, అది."

నాకు మీసం పోలిక చెప్పడం ఆయనకు వింతగా అనిపించినట్టు లేదు. ఇదే విషయం మీద ఆయన రాసినది ఏమిటంటే: "సమకాలీకరణ మరియు బ్యాకప్ అనేవి రెండు విభిన్న ప్రక్రియలు. సమకాలీకరణలో ఒక పరికరంలో చేయబడిన మార్పులు ఇతర పరికరాలలో ప్రతిబింబించబడతాయి." తప్పు కాదు. అద్దం కూడా ఉంది అందులో, 'ప్రతిబింబించబడతాయి' అనే మాట కింద నలిగిపోయి. మనిషికి చెప్పేటప్పుడు ఉన్న పోలిక కాగితం మీదకి వచ్చేసరికి ఇలా అయిపోయింది.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. రాసే ముందు ప్రతి భాగాన్నీ ఎదురుగా ఎవరో అడిగినట్టు ఊహించుకుని చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసుకోమన్నాను. తర్వాత దాన్ని ఉన్నదున్నట్టు టైప్ చేయాలి. అదే వ్యాసం అయిపోదు. మాట్లాడిన తెలుగు కాగితం మీద చూస్తే ఒకే ముక్క మూడుసార్లు వస్తుంది, వాక్యాలు మధ్యలో తెగిపోతాయి, 'అంటే', 'అదీ', 'మరి' కుప్పలుగా పడతాయి. కానీ అందులో కర్త ఉంటాడు, క్రియ ఉంటుంది, ఉదాహరణ ఉంటుంది. అది ముడిసరుకు. పాత వ్యాసంలో ముడిసరుకే లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 'మాట్లాడినట్టు రాయండి' అనే సలహా నాకు పూర్తిగా నచ్చదు. గిడుగు రామమూర్తి (1863–1940) లాంటివాళ్లు పోరాడి తెచ్చిన వ్యావహారిక భాష ఇప్పుడు అందరూ రాస్తున్నదే. 'చేసెను' పోయి 'చేశాడు' వచ్చింది. కానీ 'చేశాడు' ఉండాల్సిన చోట 'చేయడం జరిగింది' వచ్చి కూర్చుంటే అది ఏ వ్యవహారంలోది? ఇంట్లో ఎవరైనా "స్నానం చేయడం జరిగింది" అంటారా? అది నోట్లోంచి రాలేదు, ఆఫీసు కాగితాల్లోంచి వచ్చింది. మనం బడిలో, ఆఫీసులో చదివిన రాతంతా అలాగే ఉంటుంది కాబట్టి, రాయడం అంటే అలా రాయడమే అనుకుంటాం. ఆయనా అంతే. ఆయనకు భాష రాకపోవడం అనేది లేదు. తనకు వచ్చిన భాష రాతకు పనికిరాదనుకున్నారు.

కర్త ఎవరు?

ఈ కేసులో ఎక్కువ పని జరిగింది ఇక్కడే.

ఆయనకు ఒక్కటే పని ఇచ్చాను. వ్యాసంలో 'జరిగింది', 'జరుగుతుంది', 'బడింది', 'బడుతుంది' ఉన్న ప్రతి వాక్యాన్నీ వేరే కాగితం మీద రాసుకుని, పక్కన ఒక్క ప్రశ్నకు జవాబు రాయాలి: ఈ పని చేసింది ఎవరు? వాక్యాన్ని మార్చొద్దు, అందంగా చేయొద్దు. కర్త పేరు రాస్తే చాలు.

పావుగంట పని అనుకున్నారు. రెండు రోజులు పట్టింది. ఎందుకో చెబుతాను.

"డేటా శాశ్వతంగా తొలగించబడుతుంది" అనే వాక్యం దగ్గర ఆయన ఆగిపోయారు. ఎవరు తొలగిస్తారు? మనిషి డిలీట్ నొక్కితే ఫోటో ముందు చెత్తబుట్టలోకి వెళ్తుంది, గడువు దాటాక యాప్ తనంతట తానే తుడిచేస్తుంది. అంటే కర్తలు ఇద్దరు, పనులు రెండు, మధ్యలో కొన్ని రోజుల వ్యవధి. పోయిన ఫోటో వెనక్కి వచ్చే అవకాశం ఉండేది సరిగ్గా ఆ వ్యవధిలోనే. చదివేవాడికి అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఆ 'బడుతుంది' కింద దాక్కుని ఉంది.

"నిపుణులచే మూడు కాపీలు సూచించబడుతున్నాయి." ఏ నిపుణులు? ఆయనకు తెలియదు. ఎక్కడో చదివారు. అడగ్గా అడగ్గా అది 3-2-1 పద్ధతి అని తేలింది: మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల నిల్వల్లో, ఒకటి వేరే చోట. "మీరు పాటిస్తారా?" అన్నాను. "పాటిస్తాను మేడమ్, ఒకసారి నా డిస్కే పోయాక." అయితే నిపుణుల్ని వదిలేసి అదే రాయండి అన్నాను.

"హార్డ్ డిస్కులు ఐదేళ్లకు పాడవుతాయని భావించబడుతోంది." ఎవరు భావిస్తున్నారు? జవాబు గడిలో ఆయన చిన్నగా 'ఎవరూ కాదు' అని రాశారు. ఆ వాక్యం కొట్టేశాం. దాని బదులు, ఏడాదికే పోయినవీ పదేళ్లు నడిచినవీ రెండూ తన బల్ల మీదకి వచ్చాయని, ఏది ఎప్పుడు పోతుందో ముందే చెప్పలేనని రాశారు. గడువు లెక్క కంటే ఈ మాటకే చదివేవాడు ఎక్కువ జాగ్రత్త పడతాడు.

ఇక నాలుగోది. "కొన్ని సందర్భాలలో ఫోన్ ఫార్మాట్ చేసి ఫోటోలు పోవడం జరుగుతుంది." దీని పక్కన గడి ఖాళీగా వదిలేశారు. తెలుగులో ఈ తరహా వాక్యం చాలా సులువుగా పడిపోతుంది. 'చేసి' అన్నప్పుడు మామూలుగా ఆ పనీ తర్వాతి పనీ ఒకరే చేయాలి. ఇక్కడ పోయింది ఫోటోలు. ఫార్మాట్ చేసింది ఫోటోలు కాదు కదా? మరి ఎవరు? ఫోన్‌లో అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నేనే మేడమ్."

పని కొత్తలో ఒకాయన ఫోన్ తెచ్చి ఫార్మాట్ చేయమన్నాడు. ఫోటోలు క్లౌడ్‌లో ఉన్నాయన్నాడు. ఈయన నమ్మి చేసేశారు. క్లౌడ్‌కి ఫోటోలు వెళ్లడం ఏడు నెలల ముందే ఆగిపోయి ఉంది. ఆ ఏడు నెలలవీ పోయాయి.

ఆ తప్పు గురించి వ్యాసంలో రాయకూడదని ఆయనేమీ నిర్ణయించుకోలేదు. ఆ వాక్యం ఆయన తరఫున ఆ పని చేసిపెట్టింది. 'జరుగుతుంది' అనగానే చేసినవాడు తప్పుకున్నాడు. 'కొన్ని సందర్భాలలో' అనగానే ఆ రోజు మాయమైంది. నేను ఇన్నేళ్లూ ఇలాంటి వాక్యాలను భాషా దోషం అనే దిద్దుతూ వచ్చాను. ఈ కేసు తర్వాత నా పని మారింది. కర్త లేని వాక్యం కనపడితే ఇప్పుడు దాన్ని నేను సరిచేయను, రాసినవాళ్లను అడుగుతాను. అడిగితే మూడింటిలో ఒకటి బయటపడుతుంది: వాళ్లకు తెలియదు, తెలిసినా చెప్పడానికి మొహమాటం, లేకపోతే చెప్పడానికి అసలు ఏమీ లేదు. మూడింటికీ మందు వేరు. నేను తెలివిగా వాక్యం మార్చేస్తే మూడూ మరుగున పడిపోతాయి.

ఆ సంగతి రాయాలా వద్దా అన్నది ఆయనకే వదిలేశాను. దాని వల్ల గిరాకీ పోతుందేమోనని ఆయన టెన్షన్. న్యాయమైన టెన్షనే. నాలుగు రోజుల తర్వాత ఈ పేరా పంపారు:

"ఎనిమిదేళ్ల కిందట ఒకాయన ఫోన్ నేనే ఫార్మాట్ చేశాను. 'ఫోటోలు క్లౌడ్‌లో ఉన్నాయా?' అని అడిగాను. 'ఉన్నాయి' అన్నాడు. నేను చూడలేదు. ఫోన్‌లో బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయి ఉంది. ఆఖరి ఏడు నెలల ఫోటోలు ఎక్కడా లేవు. అప్పటి నుంచి ఎవరైనా 'బ్యాకప్ ఉంది' అంటే, 'ఏదీ, ఒక ఫోటో తెరిచి చూపించండి' అంటాను."

39 మాటలు. నేను ముద్దుగా దిద్దుకున్న 19 మాటల పేరాకి రెట్టింపు. ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. చివరికి ఇదే మొదటి పేరా అయింది.

పేరాల లెక్క

మిగతా నిర్మాణం పని త్వరగానే తేలింది. పూర్తయిన వ్యాసం ముందు పెట్టుకుని, ఒక్కో పేరా ఏం చెబుతోందో మార్జిన్‌లో ఒక్క వాక్యంలో రాయమన్నాను. రాయబోయే వ్యాసానికి కాదు, రాసేసిన దానికి. రాయబోయేదానికి వేసుకునే ప్లానులో మన ఉద్దేశం ఉంటుంది, ఇందులో కాగితం మీద నిజంగా ఏముందో ఉంటుంది.

తొమ్మిది పేరాలకు తొమ్మిది వాక్యాలు వచ్చాయి. ఒకటీ, రెండూ, తొమ్మిదీ ఒకటే మాట: బ్యాకప్ ముఖ్యం. ఆరో పేరాకి ఆయన "ఇది మూడో పేరాకి ముందు రావాలి" అని తనే రాసుకున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక పేరా అసలు లేదు. సింక్ అద్దం లాంటిది, ఫోన్‌లో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది అని హెచ్చరించారు, సరే. కానీ జనం ఫోటోలు తీసేసేది సరదాకి కాదు, ఫోన్‌లో చోటు లేక. మరి వాళ్లేం చేయాలి? హెచ్చరిక చదివిన ప్రతివాడికీ వెంటనే వచ్చే ప్రశ్న ఇదే. ఫోన్‌లో కాపీ మాత్రమే తీసేసి క్లౌడ్‌లోది ఉంచే ఆప్షన్ కొన్ని ఫోటోల యాప్‌లలో వేరేగా ఉంటుందని ఆయనకు తెలుసు. ఎంతగా తెలుసంటే, అది చెప్పాల్సిన సంగతి అని కూడా తోచలేదు. బాగా పని వచ్చినవాళ్ల రాతలో ఈ గుంటలు తప్పవు. వాటిని పట్టుకోవడానికి ఆ పని రానివాళ్లు ఒకరు చదవాల్సిందే. ఈ కేసులో ఆ 'రానివాళ్లు' నేనే కావడం సౌకర్యంగా కుదిరింది.

లెక్కలు సరిచూడటం కూడా ఈ దశలోనే పెట్టుకున్నాం. చెత్తబుట్టలో ఫోటోలు 30 రోజులు ఉంటాయని రాశారు. అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గూగుల్ ఫోటోస్ సహాయ పేజీ తెరిచి చూస్తే, బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయని ఉంది. తెలిసిన విషయమే అయినా కంపెనీ సొంత పేజీ తెరిచి చూడమనేది ఇందుకే. ఎప్పుడు చూశారో కూడా వ్యాసంలో రాయమన్నాను. రేపు మారిపోతే చదివేవాళ్లకు అనుమానం రావడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఉపశీర్షికలు కావాలని ఆయన, వద్దని నేను కాసేపు వాదించుకున్నాం. ఆయనే గెలిచారు. వెబ్ పేజీలను జనం ఎలా వాడతారో పరిశోధించే యాకబ్ నీల్సన్ 1997లో ప్రచురించిన పరీక్షల్లో 79 శాతం మంది కొత్త పేజీని గబగబా కళ్లతో తడిమారు, మాట మాటా చదివినవాళ్లు 16 శాతమే. స్క్రీన్ మీద చదివేవాళ్ల కోసం రాస్తూ ఆ అలవాటుతో పోట్లాడటం నాకూ వృథా అనిపించింది. కాకపోతే ఆయన పెట్టిన 'ముఖ్య సూచనలు' అనే శీర్షిక తీయించి, 'ఫోన్‌లో చోటు లేకపోతే' అని పెట్టించాను. కళ్లతో తడిమే మనిషికి రెండోది తగులుతుంది, మొదటిది జారిపోతుంది.

ఇప్పుడు వాక్యాలు

ఇక్కడికి వచ్చేసరికి ఐదు వారాలు గడిచాయి. నేను మొదటి రోజు చేయబోయిన పని ఇప్పుడు మొదలైంది. తమాషా ఏమిటంటే, సగం కలుపు అప్పటికే పోయింది. కర్తను పెట్టిన వాక్యంలో 'బడు' నిలవదు. చెప్పాలనుకున్నది తెలిసిన వాక్యంలో 'అనేది', 'అని చెప్పవచ్చు' దూరడానికి చోటుండదు.

మిగిలినవి చిన్నవి. 'ఫోన్ యొక్క మెమరీ' అక్కర్లేదు, 'ఫోన్ మెమరీ' చాలు. తెలుగులో 'ఇల్లు' 'ఇంటి' అయిపోతుంది, 'నేను' 'నా' అయిపోతుంది. ఆ మార్పులోనే సంబంధం ఉంది, మళ్లీ 'యొక్క' తగిలించడం ఎందుకు? 'ఫోటోలు మరియు వీడియోలు' అనే బదులు 'ఫోటోలూ వీడియోలూ' అంటే చాలు, లేదా మధ్యలో కామా. ఇంకొకటి, ఆయన వాక్యాల్లో క్రియ చాలా దూరంలో ఉండేది: "పోయిన ఏడాది కొన్న ఫోన్‌లో తీసి కంప్యూటర్‌లో పెట్టుకున్న తర్వాత డిలీట్ చేసిన ఫోటోలను ఉంచిన డిస్క్ పాడైంది." తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి అంతదాకా చదివేవాడు బరువంతా మోస్తూనే ఉండాలి. బరువు మోయించొచ్చు, తప్పు లేదు, కానీ చివర్లో దింపుకోవడానికి తగినది ఉండాలి. 'పాడైంది' కోసం అంత దూరం నడిపించకూడదు. "డిస్క్ పాడైంది. పోయిన ఏడాది ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి" అని ఆయన విడగొట్టారు.

రీడబిలిటీ స్కోరు, అంటే రాత చదవడానికి ఎంత తేలికో చెప్పే అంకె, చూపించే టూల్ ఏదైనా వాడొచ్చా అని అడిగారు. వద్దన్నాను. వాటిలో చాలావాటికి మూలం రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇంగ్లిష్ కోసం ఇచ్చిన సూత్రం లాంటివే. వాక్యానికి ఎన్ని మాటలు, మాటకు ఎన్ని అక్షరాలు పలుకుతాయి అని లెక్కేస్తాయి. 'చెప్పలేకపోయానని' మనకు ఒక్క మాట, చిన్నపిల్లలకూ అర్థమవుతుంది. ఆ లెక్కలో అది భయంకరమైన మాట. తెలుగుకి ఆ కొలబద్ద సరిపోదు.

ఫైండ్ అండ్ రీప్లేస్ గురించి నా అనుభవం కూడా చెప్పి హెచ్చరించాను. పని కొత్తలో నేను ఎవరిదో వ్యాసంలో అనవసరమైన 'ఒక'లన్నీ ఒక్క దెబ్బతో తీసేయాలని రీప్లేస్ ఆల్ కొట్టాను. 'ఒకటి' 'టి' అయింది, 'ఒకరు' 'రు' అయింది, 'ఒకప్పుడు' అయితే ఏ నోటికీ పలకనిది అయింది. చూసుకోకుండా పంపేశాను కూడా. అది అచ్చులోకి వెళ్లే ముందు వేరొకరి కంట పడబట్టి బతికిపోయాను. వెతకడానికి ఆ టూల్ వాడండి, మార్చేది మాత్రం చేత్తో ఒక్కొక్కటీ మార్చండి.

ప్రూఫ్ చదవడం వేరే రోజుకి పెట్టుకున్నాం. రాసిన మనిషి తన రాతలో తప్పును చూడలేడు, ఎందుకంటే అతను చదివేది కాగితాన్ని కాదు, తన తలలో ఉన్నదాన్ని. తలలోది కాగితం నుంచి విడిపోవాలంటే ఏదో ఒకటి మారాలి: రోజు మారాలి, ఫాంట్ మారాలి, తెర వదిలి ప్రింటు తీసుకోవాలి. ఆయనకు బాగా పనిచేసింది ఫోన్ చేత చదివించుకోవడం. ఫోన్‌కి మొహమాటం లేదు, ఏం రాస్తే అదే చదువుతుంది. 'మూడు వేళ ఫోటోలు' అని అది పలికినప్పుడు ఆయనే నవ్వుకుని 'వేల' చేశారు. స్పెల్ చెకర్ దాన్ని పట్టదు, 'వేళ' కూడా మంచి మాటే కదా. 'అర్ధమైంది' మాత్రం ఫోన్ పలుకుబడిలోనూ దొరకలేదు, నేను పట్టుకున్నాను. అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. సగమైందని రాశారు ఏడుచోట్ల.

'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో వత్తు కింద పడి గుర్తుపట్టలేని ఆకారం వస్తే, మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు లేదన్నమాట. చాలా కీబోర్డుల్లో దానికి ఏదో ఒక మీట ఉంటుంది. ఆయన కీబోర్డులో అది ఎక్కడుందో వెతకడానికి మాకు అరగంట పట్టింది. ఈ కేసు మొత్తంలో నిజంగా 'భాష సరిచేయడం' అనదగ్గ పని బహుశా ఆ అరగంటే.

ఆ తర్వాత

ఆరో వ్యాసం ఆయన ఒక్కరే దిద్దుకుని పంపారు. 'జరిగింది' రెండుచోట్ల ఉంది. ఒకటి నిజంగా జరిగిన సంఘటన గురించే, అది ఉండాలి. రెండోది అలవాటు. మొదటి పేరా సూటిగా ఉంది. మధ్యలో మాత్రం మళ్లీ బిగుసుకుపోయారు. తనకు అంతగా పట్టులేని మెమరీ కార్డుల రకాల దగ్గరికి రాగానే 'విభిన్న', 'ప్రక్రియ' తిరిగొచ్చాయి. ఇది నాకిప్పుడు ఒక సూచనలా పనికొస్తోంది. ఎక్కడ భాష గట్టిపడితే అక్కడ ఆయనకు నమ్మకం తక్కువ. ఆ భాగం ఇంకా చదివి రాస్తారా, తీసేస్తారా అని అడిగాను. తీసేశారు. వ్యాసానికి ఏమీ లోటు రాలేదు.

ముగింపులు ఇంకా సరిపడలేదు. ఆయనకు చివర్లో ఏదో ఒక మంచి మాట చెప్పకపోతే మర్యాదగా అనిపించదట. ప్రతిసారీ ఆఖరి పేరా కొట్టేస్తున్నాను, ప్రతిసారీ మళ్లీ రాస్తున్నారు. దీన్ని నేను పరిష్కరించానని చెప్పుకోలేను.

ఏడో వ్యాసం పాడైపోతున్న హార్డ్ డిస్క్ గురించి. అందులో ఆయన "డిస్క్ లోపల టిక్కు టిక్కుమంటుంటే ఇంకేం చేయకుండా కరెంటు తీసేయండి" అని రాశారు. నేను దాన్ని "డిస్క్ నుంచి అసాధారణ శబ్దాలు వినిపిస్తే" అని మార్చాను. ఎందుకు మార్చానో ఇప్పటికీ తెలియదు, ఆ రోజు చాలా పేజీలు దిద్ది ఉన్నాను. ఆయన నా మార్పుని ఒప్పుకోకుండా పక్కన ఇలా రాసి పంపారు:

"మేడమ్, అసాధారణ శబ్దం ఎలా ఉంటుంది? నేను విన్నది టిక్కు టిక్కు."

ఆయన వాక్యమే మళ్లీ పెట్టేశాను.